సైకిలు త్రోవల కొలబద్ద - ఒక విమర్శ

తెల్లవారుజామున అనకాపల్లి వీధిలోనికి వచ్చి నిలుచున్నవానికి మొట్టమొదట సైకిలు గొలుసు చప్పుడే వినబడును. పాలక్యాన్లను రెండు ప్రక్కల వ్రేలాడగట్టుకొని వచ్చువారు, కూరగాయల బుట్టను క్యారేజీపై బిగించుకొని వచ్చువారు, బెల్లము మార్కెట్టులో దిమ్మల నెత్తుటకై ప్రక్క గ్రామములనుండి వచ్చు కళాసీలు - వీరందరును అప్పటికే పనిలోనికి దిగియుందురు. ఎనిమిది గంటలు దాటునప్పటికి దృశ్యము మారును. బస్సులు, లారీలు, ఆటోలు, మోటారు సైకిళ్లు వీధిని నింపును. సైకిలు రోడ్డు నడుమనుండి అంచునకు, అంచునుండి మట్టిలోనికి, మట్టినుండి మురుగుకాలువ గట్టునకు జరుగుచు పోవును.

ఈ సమయమున పుట్టు తగవు అందరు ఎరిగినదే. "సైకిలువాడు అడ్డము వచ్చుచున్నాడు" అని మోటారు నడుపువాని ఫిర్యాదు. "మోటారువాడు మీదికే తోలుచున్నాడు" అని సైకిలు తొక్కువాని ఫిర్యాదు. నెహ్రూ చౌకు వద్ద నేను ఇరువురి మాటలను పలుమార్లు వింటిని. సైకిలుపై నుండియు వింటిని, బస్సులో కూర్చుండియు వింటిని. ఇరువురును ఒకరి మర్యాదను మరియొకరు నిందించుకొందురు. ఆ తగవునకు మూలమైన రోడ్డు కొలతను మాత్రము ఎవరును నిందింపరు. ఆ కొలతను నిర్ణయించిన ఒక చిన్న పుస్తకమును పరిశీలించి, దాని గుణదోషములను పాఠకుల ముందుంచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన దేశమున రోడ్లకు సంబంధించిన ప్రమాణములను నిర్ణయించు సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. ఇది 1934లో ఏర్పడిన ఇంజనీర్ల సంస్థ. సైకిలు త్రోవలను ఎప్పుడు వేయవలెను, ఎంత వెడల్పున వేయవలెను అను విషయములపై ఈ సంస్థ 1962లో 11వ సంఖ్య గల సిఫారసులను వెలువరించినది. 2015లో వానిని సవరించినది. అయినను ఈ ఏబది మూడు సంవత్సరముల కాలమున ఇంజనీరింగు విద్యార్థులు పాఠ్యపుస్తకములలో చదివి నేర్చుకొన్నవి 1962 నాటి అంకెలే. నేడు మనము నడచుచున్న వీధులలో పెక్కింటిని వేసినది ఆ విద్యార్థులే. కావున ఆ అంకెలను విమర్శించుట గతమును త్రవ్వుట కాదు.

ముందుగా ఆ సిఫారసులలోని మంచిని చెప్పవలెను. అందు ఒక సైకిలు వరుసకు ఒక మీటరు వెడల్పు ఉండవలెనని కలదు. హ్యాండిలు వద్ద సైకిలు వెడల్పు 45 మొదలు 50 సెంటీమీటర్లు. ఇరుప్రక్కల 25 సెంటీమీటర్ల చొప్పున ఖాళీ. మొత్తము ఒక మీటరు. త్రోవకు కనీసము రెండు వరుసలు, అనగా రెండు మీటర్లు ఉండవలెను. ఒకనిని మరియొకడు దాటిపోవుటకు వీలుగా ఉండవలెనన్న ఇంకొక మీటరు కలుపవలెను.

ఈ ప్రక్క ఖాళీ ఎందులకని కొందరు అడుగుదురు. ఇందు మంచి విజ్ఞానము ఇమిడియున్నది. రెండు చక్రములపై నిలుచు వాహనము నిలకడగా ఉన్నప్పుడు పడిపోవును. కదలుచున్నప్పుడు మాత్రమే నిలుచును. అది కుడికి ఒరిగినచో తొక్కువాడు ముందు చక్రమును కుడికి త్రిప్పును. అప్పుడు చక్రములు వాని శరీరపు బరువు క్రిందికి వచ్చి చేరును. వెంటనే ఎడమకు కొంచెము ఒరుగును. తిరిగి ఎడమకు త్రిప్పును. ఈ విధముగా సైకిలు నడచు దారి సరళరేఖ కాదు. అది పామువలె మెలికలు తిరుగు సన్నని రేఖ. వేగము తగ్గినకొలది మెలిక పెద్దదగును. తిరుగుచున్న చక్రమునకు గల బొంగరపు గుణమే సైకిలును నిలుపుచున్నదని చాలకాలము చెప్పుచు వచ్చిరి. కాని 2011లో హాలెండు, అమెరికా దేశముల శాస్త్రజ్ఞులు కొందరు ఆ గుణమును రద్దుచేసిన సైకిలు నొకదానిని తయారుచేసి, త్రోసి వదలగా అదియు తనంతట తాను నిలిచినదని చూపిరి. దీనినిబట్టి, సైకిలు నిలకడకు కారణము ఏ ఒక్కటియు కాదనియు, ఒరుగుచున్న దిక్కునకు చక్రము తిరుగుటయే ముఖ్యమనియు తెలియుచున్నది.

ఇక మోటారు నడుపువాని మొదటి ఫిర్యాదునకు సమాధానము దొరకినది గదా! "వీడు తిన్నగా పోడు" అని ఆయన విసుగుకొనును. తిన్నగా పోవుట సైకిలునకు సాధ్యము కాదు. తిన్నగా పోవు సైకిలు పడిపోవు సైకిలు. ఎదురుగాలిలోనో, వంతెన ఎత్తు ఎక్కునప్పుడో, క్యారేజీపై బరువున్నప్పుడో ఆ మెలిక ఇంకను పెరుగును. దానికి చోటు విడిచిపెట్టినవారు 1962 నాటి ఇంజనీర్లు. అది వారికి కీర్తి.

ఇప్పుడు లోపమునకు వత్తము. సైకిలు త్రోవ ఎప్పుడు వేయవలెను అను ప్రశ్నకు ఆ సిఫారసులు చెప్పిన సమాధానము ఇది: రద్దీ గంటలో 400 లేక అంతకు మించి సైకిళ్లు పోవుచు, అదే గంటలో మోటారు వాహనములు 100 మొదలు 200 వరకు ఉన్నచో ప్రత్యేకమైన త్రోవ వేయవచ్చును. మోటారు వాహనములు 200కు మించినచో సైకిళ్లు 100 ఉన్నను చాలును. చూచుటకు ఈ కొలబద్ద న్యాయముగనే తోచును. మోటార్లు పెరిగినకొలది తక్కువ సైకిళ్లకే రక్షణ లభించుచున్నది. కాని ఇందు మూడు లోపములు కలవు.

మొదటి లోపము: ఈ కొలబద్దలో వేగము లేదు. దీని ఫలితము ఎంతటిదో ఒక లెక్కవలన తెలియును. వస్తువు యొక్క గతిజశక్తి దాని ద్రవ్యరాశికి, వేగపు వర్గమునకు అనులోమానుపాతమున ఉండును. మనిషి, సైకిలు కలిసి 90 కిలోగ్రాములనుకొందము. గంటకు 15 కిలోమీటర్ల వేగమున వారి గతిజశక్తి సుమారు 780 జౌళ్లు. సరుకుతో 16 టన్నులు తూగు లారీ గంటకు 54 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో దాని గతిజశక్తి 18 లక్షల జౌళ్లు, అనగా సైకిలు శక్తికి సుమారు 2,300 రెట్లు. అదే లారీ వేగమును సగమునకు, అనగా 27 కిలోమీటర్లకు తగ్గించినచో శక్తి నాలుగవ వంతునకు, నాలుగున్నర లక్షల జౌళ్లకు పడిపోవును.

ఆగుటకు పట్టు దూరమును చూడుడు. పొడి రోడ్డుపై మంచి బ్రేకులు గల కారును తీసికొందము. నడుపువాడు అపాయమును చూచి బ్రేకు నొక్కుటకు ఒక సెకను పట్టుననియు, తరువాత వేగము సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గుననియు అనుకొందము. 54 కిలోమీటర్ల వేగమున అది ఆగునప్పటికి సుమారు 34 మీటర్లు పోవును. 27 కిలోమీటర్ల వేగమున 12 మీటర్లలోనే ఆగును. నెహ్రూ చౌకు వంటి ఇరుకైన కూడలిలో ఈ 22 మీటర్ల తేడా ప్రాణమునకు, మరణమునకు నడుమ గల తేడా. వాహనములను లెక్కించి, వాని వేగమును లెక్కింపని కొలబద్ద అపాయమును ఎట్లు కొలువగలదు? మెల్లగా పోవు రెండువందల ఆటోలును, ఉరుకుచున్న రెండువందల లారీలును దానికి ఒక్కటియే.

రెండవ లోపము: ఈ కొలబద్ద తిన్నని రోడ్డును చూచి చేసినట్లున్నది. కాని పట్టణములలో తగవు ముదురునది మలుపులయందు. ఎడమకు తిరుగుచున్న లారీ వెనుక చక్రములు ముందు చక్రముల దారినే పోవు. అవి లోపలి వైపునకు కోసికొని పోవును. ముందు ఇరుసు 12 మీటర్ల వ్యాసార్ధమున తిరుగుచున్నదనుకొనుడు. ఇరుసుల నడుమ దూరము 5 మీటర్లు. కర్ణము 12గాను, ఒక భుజము 5గాను గల లంబకోణ త్రిభుజమును గీచినచో మూడవ భుజము సుమారు 10.9 మీటర్లు వచ్చును. అనగా వెనుక ఇరుసు 1.1 మీటర్లు లోపలికి జరుగును. సైకిలువానికి మనము విడిచిన వరుస వెడల్పు ఒక మీటరు! లారీ ప్రక్కన ఎడమవైపు నిలిచి, దారి ఉన్నదిగదా యని ముందుకు సాగినవాని వరుసను ఆ వెనుక చక్రము మొత్తముగా మ్రింగివేయును. ఎనిమిదవ తరగతి బాలుడు చేయగల ఈ లెక్కను మన పట్టణములలోని ప్రతి లారీ డ్రైవరునకు, ప్రతి సైకిలువానికి బొమ్మ గీచి చూపవలసియున్నది. ఇందు ఎవరి దుర్బుద్ధియు లేదు. డ్రైవరు అద్దములో సైకిలు కనబడదు. సైకిలువానికి వెనుక చక్రపు దారి తెలియదు.

మూడవ లోపము అన్నింటికంటె పెద్దది. ఈ కొలబద్ద రోడ్డుపై మిగిలియున్నవారినే లెక్కించును. రోడ్డును విడిచిపోయినవారిని లెక్కింపదు.

మా కళాశాలలో ఒక అటెండరు పనిచేయుచున్నాడు. కశింకోట వైపు గ్రామమునుండి ఇరువది సంవత్సరములు సైకిలుపైననే వచ్చెను. ఒక వర్షపు ఉదయమున వెనుకనుండి వచ్చిన ఆటో హ్యాండిలును రాచుకొని పోగా, అతడు కాలువ ప్రక్కన పడి మోచేయి విరుగగొట్టుకొనెను. ఎముక అతుకుకొన్నది. సైకిలు మాత్రము ఇంటి చూరుక్రింద ఆగిపోయినది. ఇప్పుడాతడు ఆటోలో వచ్చుచున్నాడు. "నెల జీతములో ఆటో డబ్బులు పోగా మా పిల్లకు పుస్తకాలు కొనడము కష్టమైపోతోందండి మాస్టారూ" అని ఒకనాడు నాతో అనెను. ఇప్పుడు ఇంజనీరుగారు వచ్చి ఆ రోడ్డుపై సైకిళ్లను లెక్కింతురు. ఒకటి తగ్గియుండును. ఆటోలు ఒకటి పెరిగియుండును. అటెండరు పడిన రోజున త్రోవ అవసరము పెరిగినది. కొలబద్ద ప్రకారము మాత్రము తగ్గినది! అపాయము పెరిగినకొలది "ఇచ్చట సైకిళ్లు లేవు, త్రోవ అక్కరలేదు" అని చెప్పు పరికరమును ప్రయోగశాలలో ఏ విద్యార్థియైనను వాడినచో మనము ఊరుకొందుమా? కొలువబోవు వస్తువును తానే మార్చివేయు పరికరమును లోపభూయిష్టమందుము. ఇదియు అట్టిదే.

2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున నూటికి దాదాపు 45 కుటుంబములకు సైకిలు కలదు. బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లిచ్చు పథకమును ప్రారంభించినది. దాని ఫలితములను పరిశీలించి 2017లో ప్రకటించిన ఒక పరిశోధన, తగిన వయస్సున ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య 32 శాతము పెరిగినదని తేల్చినది. మన రాష్ట్రమునను బడికొస్తా అను పేర ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లను పంచిరి. సైకిలునిచ్చుట సగము పని. దానిని తల్లి భయము లేకుండ వీధిలోనికి పంపగలుగుట మిగిలిన సగము. కొలబద్దయందు ఆ తల్లి భయమునకు గడి లేదు.

ఇక మోటారువారి మరి రెండు ఫిర్యాదులను న్యాయముగా విచారింపవలెను. "మేము పన్ను కట్టుచున్నాము, సైకిలువాడు కట్టుటలేదు" అందురు. పూర్వము మన మునిసిపాలిటీలలో సైకిలునకును పన్ను కట్టి, బిళ్ల బిగించుకొనెడివారని పెద్దలకు జ్ఞాపకముండును. ఆ మాట అటుండనిండు. రోడ్డును అరగదీయునది ఎవరు? 1958 - 60 నడుమ అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ప్రత్యేకముగా వేసిన రోడ్లపై లారీలను లక్షల మార్లు త్రిప్పి పరీక్షించిరి. రోడ్డునకు కలుగు నష్టము ఇరుసు బరువు యొక్క నాలుగవ ఘాతమునకు రమారమి అనులోమముగా ఉండునని తేలినది. సైకిలు ఇరుసుపై 50 కిలోగ్రాములు, లారీ ఇరుసుపై 10,000 కిలోగ్రాములు అనుకొనుడు. నిష్పత్తి 200. దాని నాలుగవ ఘాతము 160 కోట్లు! ఇంత తేలిక బరువుల వరకు ఆ సూత్రమును ఈడ్చుట సరికాదని ఒప్పుకొందును. కాని దానిలో వెయ్యవ వంతును తీసికొన్నను సైకిలువాడు రోడ్డునకు ఋణపడి లేడని స్పష్టము.

"సైకిలువారు నియమములను పాటింపరు" అనునది రెండవ ఫిర్యాదు. ఇందు నిజము కలదు. ఎదురుదారిన వచ్చుట, రాత్రివేళ దీపము గాని, వెనుక ఎర్ర బిళ్ల గాని లేకుండుట, చేయి చూపకయే కుడికి తిరుగుట మన ఊరిలో నిత్యకృత్యములు. దీపము లేని సైకిలు నల్లని రోడ్డుపై నల్లని చుక్క. దానిని చూడలేదని డ్రైవరును నిందింపలేము. ఎదురుదారిన వచ్చువాని విషయమున ఇరువురి వేగములు కలిసిపోవునని భౌతికశాస్త్రమే చెప్పుచున్నది. కావున ఆ తప్పులను దాచరాదు. కాని ఒక విషయమును గమనింపవలెను. ఎదురుదారిన వచ్చువానిని ఆపి అడుగుడు. పూడిమడక రోడ్డువంటి రద్దీ దారిని రెండుమార్లు దాటుటకంటె కొంచెము దూరము అంచువెంట ఎదురు వచ్చుటయే తనకు క్షేమమని చెప్పును. అతని లెక్క తప్పు కావచ్చును. కాని అది అతని ప్రాణభయము వేసిన లెక్క.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 2017 నాటి మోటారు వాహనముల చోదక నిబంధనలు పాదచారులు, సైకిలువారు, పిల్లలు, వృద్ధులు మొదలగు బలహీనుల విషయమున ప్రత్యేక శ్రద్ధ వహించుట డ్రైవరు విధియని చెప్పుచున్నవి. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, మోటారు లేని వాహనముల రాకపోకలపై నియమములు చేయు అధికారమును రాష్ట్ర ప్రభుత్వములకిచ్చిరి. 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో సైకిలువారు నాలుగు వేలకు పైగా, పాదచారులు ముప్పది రెండు వేలకు పైగా ఉండిరి. వీరెవరును ఇతరులను చంపగల వేగమున పోయినవారు కారు.

సైకిళ్లు ఎక్కువైనచో తగవు పెరుగునని కొందరి భయము. 2003లో జాకబ్‌సెన్ అను పరిశోధకుడు పెక్కు పట్టణముల, దేశముల లెక్కలను పోల్చి, నడచువారు గాని సైకిలువారు గాని రెట్టింపైనచో ఒక్కొక్కనికి కలుగు అపాయము సుమారు 66 శాతమునకు తగ్గునని చూపెను. డ్రైవరు కన్ను తాను నిత్యము చూచుదానిని త్వరగా గుర్తించుననుట ఇందుకొక కారణము కావచ్చును. అయితే ఇచ్చటను విమర్శ అవసరము. మంచి త్రోవలున్నచోట సైకిళ్లు పెరుగును, అపాయమును తగ్గును. రెండింటికి కారణము త్రోవయే కావచ్చును గదా! సంఖ్య పెరిగిన చాలునని, త్రోవ వేయక ఊరుకొనుటకు ఈ లెక్కను సాకుగా వాడరాదు. హాలెండు దేశమున 1971లో నాలుగువందలకు పైగా పిల్లలు రోడ్లపై మరణింపగా, మరుసటి సంవత్సరమే తల్లిదండ్రులు పిల్లల మరణములను ఆపుడని ఉద్యమమును లేపిరి. ఆ దేశపు సైకిలు త్రోవలు ఆకాశమునుండి ఊడిపడినవి కావు.

మన తెలుగు దేశమున పెద్ద సైకిలు త్రోవ హైదరాబాదు బాహ్య వలయ మార్గము ప్రక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైనది. 23 కిలోమీటర్ల పొడవు. పైకప్పుగా సౌర ఫలకములు. ఎండనుండి నీడయు, విద్యుత్తును ఒక్కమారే లభించునట్లు చేసిన ఆ ఆలోచన ప్రశంసనీయము. కాని అది విశేషముగా వ్యాయామమునకై వచ్చువారికి ఉపయోగపడునట్టిది. పాలక్యాన్లవానికి, కళాసీకి, మా అటెండరునకు కావలసినది ఇంటినుండి పనిచోటునకు పోవు సాధారణమైన త్రోవ. దానికి పైకప్పు లేకున్నను చింతలేదు. మధ్యలో తెగిపోకుండిన చాలును.

2015 నాటి సవరణ రోడ్డు తరగతిని, దానిపై పోవు వేగమును చూచి, వేగము హెచ్చైన రోడ్డుపై సైకిలును వేరుచేయుట, వేగము తక్కువైన వీధిలో కలిపి నడుపుట అను మార్గమునకు మరలినది. ఇది సరియైన దిక్కు. దీనిని మన ఊరికి అన్వయించి చూతము. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కేంద్రమైనది. కార్యాలయములు వచ్చినవి, వాహనములు పెరిగినవి. పాత ఊరి ఇరుకు వీధులలో ప్రత్యేకమైన త్రోవకు చోటు లేదు. అచ్చట గంటకు 30 కిలోమీటర్ల వేగ పరిమితి, దానిని పాటింపజేయు గట్టి ఏర్పాటు చాలును, కలిసి నడువవచ్చును. అచ్యుతాపురము పోవు దారివంటి లారీల మార్గములలో రెండు మీటర్ల త్రోవను గట్టుతో వేరుచేయవలెను. కూడలిలో లారీలు ఆగు గీతకు ముందుగా సైకిళ్లు ఆగుటకు చోటు గీచినచో, డ్రైవరు కన్నుల ఎదుటనే సైకిలు ఉండును. వెనుక చక్రపు అపాయము చాలవరకు తప్పును. జాతీయ మార్గమును దాటవలసిన గ్రామస్థులకు క్రిందుగా వెలుతురు గల దారి ఉండవలెను. ఇందు మొదటి రెండింటికి మించి పెద్ద ఖర్చు లేనిది మూడవది; దానికి కావలసినది తెల్లరంగు.

లెక్కించుటయు మారవలెను. తెల్లవారుజాము నాలుగు గంటలనుండి లెక్కింపవలెను. మన ఊరి సైకిలు రద్దీ గంట అప్పుడే. రోడ్డుపై వాహనముల సంఖ్యతోపాటు వేగమును కొలువవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఇండ్లకు పోయి "మీ ఇంట సైకిలు కలదా? ఎందుకు ఆగినది?" అని అడుగవలెను. ఇది మన కళాశాలల విద్యార్థులు సెలవులలో చేయగల పని. ఒక గడియారము, కొలత టేపు, నోటుపుస్తకము ఉన్న చాలును. రోడ్డుపై ముప్పది మీటర్ల దూరమున రెండు గీతలు గీచి, ఒక వాహనము వానిని దాటుటకు పట్టు కాలమును గుర్తించినచో వేగము తెలియును. రెండు సెకన్లు పట్టినచో 54 కిలోమీటర్లు. నాలుగు సెకన్లు పట్టినచో 27. ఈ రెండు సెకన్ల తేడాను పట్టికగా వ్రాసి పట్టణపు అధికారుల ముందుంచినచో, నెహ్రూ చౌకు వద్ద వినబడు కేకలకంటె అది ఎక్కువ పనిచేయును.

మా అటెండరు సైకిలు ఇంకను చూరుక్రిందనే ఉన్నది. టైరులలో గాలి లేదు. గొలుసు త్రుప్పు పట్టినది. ఏ లెక్కలోను అది చేరదు. దానిని లెక్కలోనికి తెచ్చిననాడే మన కొలబద్ద సరియైనదగును.